అమ్మమ్మ ఉంది కదా అనకండి

"మనకి ఫోస్టర్ కేర్ ఎందుకండీ, అది అమెరికా గొడవ. మనకి అమ్మమ్మలున్నారు, మేనమామలున్నారు. తల్లీతండ్రీ లేని పిల్లాడికి ఎవరో ఒకరు ఇంత ముద్ద పెట్టకపోరు. ఒంట్లో బాగోకపోతే కాకినాడ పెద్దాసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. ఇంకేం కావాలి?"

పెద్దాపురంలో ఈ మాట టీ కొట్ల దగ్గరా వినబడుతుంది, సభల్లోనూ వినబడుతుంది. చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. దయలేక అనేది కాదు, నిజంగా అలాగే నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. పెంపకంలో ఉన్న పిల్లల ఆరోగ్యం గురించి ఈ రాష్ట్రంలో ఒక గట్టి విధానం ఇంతవరకూ రాకపోవడానికి పెద్ద కారణం ఆ నమ్మకమే.

ముందు అమ్మమ్మల సంగతే చూద్దాం. గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లడం దశాబ్దాలుగా సాగుతోంది. తల్లి అక్కడ ఎవరి బిడ్డనో ఎత్తుకుని పెంచుతుంటే, ఆమె బిడ్డ ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. సారాకి తండ్రి పోయిన పిల్లలున్నారు. తల్లి మారుమనువు చేసుకున్న ఇంట్లో ఇమడలేక పిన్ని ఇంటికొచ్చినవాళ్లున్నారు. హైవే మీద లారీ గుద్ది ఇద్దరూ పోతే పెదనాన్న తెచ్చుకున్నవాళ్లున్నారు. ప్రభుత్వ కాగితాల్లో వీళ్లలో చాలామంది ఫోస్టర్ పిల్లలు కారు, ఎందుకంటే వాళ్లని ఏ కమిటీ ఆ ఇంట్లో పెట్టలేదు. కానీ ఒకరి కడుపున పుట్టి మరొకరి ఇంట పెరుగుతున్న బిడ్డకి ఏ కష్టాలుంటాయో అవన్నీ వీళ్లకున్నాయి. కాగితం లేకపోవడం ఇంకో కష్టం.

ఒక ఆసుపత్రి ఓపీ వరసలో నా ముందు ఒక మామ్మగారు నిలబడ్డారు. పక్కన పదేళ్ల మనవడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నర్సు అడుగుతోంది. "అమ్మేదీ?" "కువైట్‌లో ఉందండి." "నాన్న?" "ఆయన సంగతి అడక్కండి తల్లీ." "పాత చీటీలున్నాయా?" మామ్మగారు కొంగున ముడేసుకున్న ప్లాస్టిక్ కవరు విప్పారు. అందులో ముగ్గురు డాక్టర్ల చీటీలు, ఒక ఎక్స్‌రే, ఖాళీ అయిపోయిన మాత్రల అట్ట. "ఇంజక్షన్ ఏదో రాశారే, వేయిస్తున్నారా?" "మేనమామ దగ్గరున్నప్పుడు మూడు వారాలకోసారి వేయించారండి. నా దగ్గరికొచ్చాక ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

ఆ బిడ్డది గుండెకి పట్టిన కీళ్లవాత జ్వరం. గొంతునొప్పితో మొదలై, కీళ్లు వాచి, గుండె వాల్వుల్ని దెబ్బతీసే జబ్బు. దీన్ని ఆపే మందు చాలా పాతది, చాలా చౌకది. మూడు వారాలకోసారి ఒక పెన్సిలిన్ ఇంజక్షన్, ఏళ్ల తరబడి, మానకుండా. మానితే మళ్లీ జ్వరం వస్తుంది, వచ్చిన ప్రతిసారీ వాల్వు ఇంకొంచెం పాడవుతుంది. పూర్తిగా పాడయ్యాక ఆపరేషన్ చెయ్యాలి. ఆ ఆపరేషన్‌కి లక్షలు పెట్టడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉంది. మేనమామ ఇంటి నుంచి అమ్మమ్మ ఇంటికి పిల్లాడు మారినప్పుడు ఆ మూడు వారాల తేదీని కూడా వెంట పంపించే మనిషిని మాత్రం పెట్టలేదు.

మామ్మగారి ప్రేమలో లోటేమీ లేదు. పొద్దున్నే చద్దన్నం మూట కట్టుకుని, ఇద్దరికీ బస్సు టిక్కెట్టు పెట్టుకుని, ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు. ప్రేమ ఉంటే చాలనే వాదానికి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. బిడ్డ ఒంటి చరిత్ర తెలిసినవాళ్లు ఒకరుండాలి. అది ఒక పుస్తకంలో రాసుండాలి. ఆ పుస్తకం బిడ్డ వెంట నడవాలి.

ఇక ఆరోగ్యశ్రీ ఉంది కదా అనే మాట. 2007లో మొదలైన ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఎంతోమంది పేదల ప్రాణం నిలబెట్టిన పథకం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది జబ్బు ముదిరి ఆసుపత్రి మెట్లెక్కినవాళ్ల కోసం. పైగా దాని పునాది కుటుంబం కార్డు. తండ్రి రాజమండ్రిలో వేరే కాపురం పెడితే బిడ్డ పేరు ఆయన కార్డులో, బిడ్డ ఇక్కడ. ఇంటి గుట్టు బయటపెట్టి ఆయన్ని కార్డు అడగడానికి ఏ అమ్మమ్మకి నోరొస్తుంది?

2013లో దేశమంతటా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి డాక్టర్ల బృందం వస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల కొరత, ఎదుగుదలలో వెనకబాటు, చిన్ననాటి జబ్బులు చూస్తుంది. మంచి పని. అయితే ఆ బృందం చేసేది కనిపెట్టి చీటీ రాయడం. ఆ చీటీ పట్టుకుని జిల్లా కేంద్రానికి తీసుకెళ్లాల్సింది తల్లీతండ్రీ. వాళ్లు లేని బిడ్డ చీటీ బడి సంచిలోనే నలిగిపోతుంది. బృందం వచ్చిన రోజు ఆ బిడ్డ బాబాయి ఇంట్లో ఉండి బడికే రాకపోతే చీటీ కూడా ఉండదు.

చెవుల సంగతి తీసుకోండి. మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో పుట్టు చెవుడు కొత్త కాదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కి ప్రభుత్వమే డబ్బు కడుతుంది. కానీ దానికి వయసు హద్దుంది, హద్దు ఉండడం న్యాయం కూడా, మాటలు నేర్చుకునే మెదడు ఆ తొలి ఏళ్లలోనే తయారవుతుంది గనక. రెండిళ్ల మధ్య తిరిగే పసిబిడ్డకి మాట రాకపోతే ఒక ఇంట్లో "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అంటారు, ఇంకో ఇంట్లో "తల్లి మీద బెంగ" అంటారు. రెండూ నమ్మదగ్గ మాటలే. ఆ మాటల మధ్య రెండేళ్లు గడిచిపోతాయి. ఆ రెండేళ్లూ తిరిగి తెచ్చివ్వడం ఏ పథకానికీ చేతకాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత. ఇది తల్లీతండ్రీ ఉన్న పిల్లల్ని కూడా కలుపుకున్న లెక్క. పెంపకపు పిల్లలకి విడిగా లెక్కంటూ వెయ్యాలంటే ముందు వాళ్లెవరో గుర్తించాలి. బడి రిజిస్టరులో, ఏఎన్ఎం ట్యాబులో, బాల స్వాస్థ్య బృందం ఫారంలో "ఈ బిడ్డని ఎవరు పెంచుతున్నారు?" అనే ఒక్క గడి చేరిస్తే చాలు, ఆ పని మొదలవుతుంది.

సంతకం సంగతి ఇంకా ఘోరం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం బిడ్డకి సహజ సంరక్షకులు తండ్రి, ఆ తర్వాత తల్లి. పుట్టిన దగ్గర్నుంచి పెంచిన అమ్మమ్మ ఆ చట్టం కంటికి ఆనదు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు డాక్టరు జంకితే ఆయన్ని తప్పుపట్టలేం. దీనికి మందు చట్టంలోనే ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద బాలల సంక్షేమ కమిటీ విచారణ చేసి, ఒక వ్యక్తిని బిడ్డ బాధ్యతకి తగిన మనిషిగా గుర్తించవచ్చు. పెద్దాపురం రెవెన్యూ డివిజన్ కేంద్రం. నెలకొక రోజు ఆ కమిటీ ఇక్కడికొచ్చి కూర్చుంటే, ఎందరో అమ్మమ్మల చేతిలో ఆ కాగితం ఉంటుంది. ఇంత చిన్న పనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టు కూడా అక్కర్లేదు.

"డబ్బులిస్తే బంధువులు తినేస్తారు" అనేది మరో వాదం. మిషన్ వాత్సల్య పథకం కింద ఇలాంటి పిల్లలకి నెలకి 4,000 రూపాయలు ఇవ్వడం మొదలయ్యాక ఈ మాట బాగా పెరిగింది. ఆ డబ్బుకోసమే పిల్లల్ని పెట్టుకుంటారట. నెలకి నాలుగు వేలంటే రోజుకి 133 రూపాయలు. ఎదిగే పిల్లాడి తిండి, బట్ట, పుస్తకాలు, బస్సు, మందులు అందులోనే. దాన్ని పొందాలంటే ఏడాది ఆదాయం పల్లెలో 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. అంత పేదవాళ్ల ఇంట్లో ఆ డబ్బు బియ్యానికి ఖర్చయితే దాన్ని తినేయడం అనకూడదు, ఆ బియ్యం బిడ్డ కూడా తింటుంది. మోసం జరగదని నేననను. చట్టం కూడా అనుకోలేదు. అందుకే ఫోస్టర్ కుటుంబాన్ని నెలనెలా తనిఖీ చెయ్యాలని 44వ సెక్షన్‌లో రాసింది. తనిఖీ చెయ్యమని అడగాల్సినవాళ్లు, తనిఖీ లేదు గనక డబ్బే వద్దనడం ఏ న్యాయం? ఆ తనిఖీకి వెళ్లేవాళ్లతో ఒక నర్సుని పంపండి. బిడ్డ బరువు చూస్తుంది, పళ్లు చూస్తుంది, టీకాల కార్డు చూస్తుంది, ఒంటి మీద దెబ్బలుంటే అవీ చూస్తుంది. మోసాన్ని పట్టడానికి అంతకన్నా మంచి దారి లేదు.

అదే 44వ సెక్షన్ బిడ్డ చదువు, ఆరోగ్యం, పోషణ ఫోస్టర్ కుటుంబం బాధ్యతేనంటుంది. నా అసలు అభ్యంతరం ఇక్కడే. బాధ్యత నెత్తిన పెట్టినవాళ్లు చేతికేమిచ్చారు? బిడ్డని అప్పగించేటప్పుడు ఆరోగ్య చరిత్ర ఇవ్వరు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పరు. రాత్రి ఫిట్స్ వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పరు. తొందరగా తల్లడిల్లేది మంచి కుటుంబాలే. ఆర్నెల్లకి బిడ్డని వెనక్కి తెచ్చి అప్పగించేదీ వాళ్లే, ఆ తిరుగు ప్రయాణం బిడ్డకి మొదటి దెబ్బకన్నా పెద్ద దెబ్బ.

"ఇంత గొడవెందుకు, మంచి ఆశ్రమంలో చేర్పిస్తే పోలా" అనేవాళ్లు మా ఊళ్లో తక్కువేం కాదు. ఈ మాటకి మన ప్రాంతంలో గౌరవమైన మూలాలున్నాయి. పెద్దాపురం మహారాణి బుచ్చి సీతయమ్మ గారి సత్రం, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి వాకిలి, కాకినాడలో పిఠాపురం మహారాజా పెట్టించిన అనాథ శరణాలయం, ఇవన్నీ చూసి పెరిగిన నేల ఇది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమే అన్నిటికన్నా పెద్ద ధర్మమని మనకి ఉగ్గుపాలతో నేర్పారు. ఆ రోజుల్లో అది అక్షరాలా నిజం, ఆకలే అప్పుడు మొదటి జబ్బు. ఈనాటికీ పుట్టినరోజు నాడు ఆశ్రమానికి భోజనాలు పంపేవాళ్లంటే నాకు గౌరవమే. ఆ భోజనం బిడ్డ దగ్గర ఒక పూట కూర్చుంటుంది. బిడ్డకి కావలసింది తన దగ్గర రోజూ కూర్చునే మనిషి.

2000లో రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో ఒక పరిశోధన మొదలైంది. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని శిక్షణ ఇచ్చిన ఫోస్టర్ కుటుంబాలకి పంపారు, మిగతా సగం మంది సంరక్షణ ఎప్పటిలాగే సాగింది. ఏళ్ల తరబడి రెండు గుంపుల్నీ గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల తెలివితేటలు, మనుషులతో అల్లుకునే తీరు, మెదడు పనితీరు కూడా మెరుగయ్యాయి. రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లకి మేలు ఎక్కువ జరిగింది. మన జువెనైల్ జస్టిస్ చట్టం కూడా సంస్థలో పెట్టడం ఆఖరి దారి కావాలంటుంది. అయితే ఆ పరిశోధనలో కుటుంబాలకి డబ్బూ, సలహా చెప్పే మనిషీ, ఆపదలో పలికే డాక్టరూ ఉన్నారు. ఒట్టి ఇంటిగోడలకి మహిమ లేదు.

మనసు సంగతికి వస్తే మన దగ్గర దానికి పేరే పెట్టం. పన్నెండేళ్ల పిల్లాడు పక్క తడుపుతాడు, "బద్ధకం" అంటాం. పిల్ల ఎవరితోనూ మాట్లాడదు, "పొగరు" అంటాం. అన్నం దాచుకుంటాడు, దొంగ బుద్ధి అంటాం. తల్లి పోయిన బిడ్డ, తల్లి వదిలేసిన బిడ్డ, ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ వదిలేయబడ్డ బిడ్డ చేసే పనులివి. పిల్లల మనసు తెలిసిన డాక్టరు ఒకచోట, గుండె డాక్టరు ఇంకోచోట, కమిటీ మరోచోట, బడి మాస్టారు వేరేచోట ఉండి ఎవరికి వారు బిడ్డని నాలుగు ముక్కలుగా చూస్తే ఈ తడిసిన పక్క ఎవరి ఖాతాలోకీ రాదు. నేను అన్నీ ఒక చేతి కింద ఉండాలనేది ఇందుకే.

ఊరి పేరు మాట కూడా చెప్పాలి. పెద్దాపురం అనగానే పడుపు వృత్తిని తలుచుకుని బయటివాళ్ల మొహాల్లో కనిపించే ఆ వెకిలి నవ్వు మాకు తెలుసు. మా ఊరికి పట్టుంది, మరిడమ్మ తల్లి జాతర ఉంది, పాండవుల మెట్ట ఉంది, అయినా ఆ నవ్వే ముందొస్తుంది. పెద్దవాళ్లం దులుపుకుంటాం. ఆ వృత్తిలో ఉన్న తల్లుల బిడ్డలు మాత్రం ఆసుపత్రి కౌంటరు దగ్గర "తండ్రి పేరు?" అన్నప్పుడల్లా ఆ నవ్వుకి ఎదురు నిలబడాలి. అందుకే కొందరు తల్లులు బిడ్డకి ఎంత జ్వరమొచ్చినా మెడికల్ షాపు మాత్రతో సరిపెడతారు. "ఆ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసేసి ఎక్కడైనా పెట్టాలి" అనే పెద్దమనుషులున్నారు. సుప్రీంకోర్టు 1997లో గౌరవ్ జైన్ కేసులో ఆ పిల్లలకి అందరితో సమానంగా గౌరవం, సంరక్షణ దక్కాలంది. 2022 మే 19న బుధదేవ్ కర్మాస్కర్ కేసులో, వృత్తి కారణంగా మాత్రమే తల్లీబిడ్డల్ని విడదీయకూడదని స్పష్టంగా చెప్పింది. తల్లి దగ్గరున్నా, అవసరం వచ్చి ఇంకొకరి ఇంటికి వెళ్లినా, ఆ బిడ్డ ఆరోగ్య పుస్తకం ఒకటే కావాలి. అందులో తండ్రి పేరు గడి ఉండక్కర్లేదు.

"ఇవన్నీ డబ్బున్న దేశాల్లో అవుతాయి, ఇక్కడ అవవు" అంటారా? అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ, ఫోస్టర్ కేర్‌లోకి వచ్చిన బిడ్డని 72 గంటల్లో ఒకసారి చూసి, 30 రోజుల్లో సమగ్రంగా పరీక్షించాలంటుంది. ఇంగ్లండ్‌లో 20 పనిదినాల్లో మొదటి పరీక్ష, ఆ తర్వాత అయిదేళ్ల లోపు వాళ్లకి ఆరు నెలలకోసారి, అయిదేళ్లు దాటినవాళ్లకి ఏడాదికోసారి, ఇది చట్టబద్ధమైన నియమం. అవి దూరం దేశాలు, సరే. మన గోదావరి జిల్లాల్లోనే జరిగినదాన్ని గుర్తు చేస్తాను.

2000 తర్వాత తొలి ఏళ్లలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తల్లీతండ్రీ ఇద్దరూ పోయి, వైరస్ ఉన్న బిడ్డలు మామ్మల ఒళ్లో మిగిలారు. 2004లో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టింది. ఆ కేంద్రాల్లో ప్రతి మనిషికీ ఒక పుస్తకం, ఒక నంబరు, ఒక కౌన్సెలర్. మందుకి రాకపోతే ఫోను వచ్చేది, ఫోను లేకపోతే మనిషే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాడు. బిడ్డ ఊరు మారితే కాగితం కూడా ఆ ఊరి కేంద్రానికి మారేది. అప్పుడు చావు ఖాయమనుకున్న పిల్లలు ఈరోజు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఒక్క జబ్బుకి చెయ్యగలిగిన పని బిడ్డ మొత్తానికి ఎందుకు చెయ్యలేం?

ఇంకో ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. పెద్దాపురం నవోదయ విద్యాలయంలో పిల్లలు హాస్టల్లో ఉంటారు గనక వాళ్లకి స్టాఫ్ నర్సు పోస్టు పెట్టారు. మంచి పని చేశారు. సెలవులకి ఇంటికెళ్తే ఎదురుచూసే తల్లిదండ్రులున్న పిల్లలు వాళ్లు. ఎవరూ ఎదురుచూడని పిల్లలకి డివిజన్ మొత్తానికి ఒక్క నర్సుని అడగడం అత్యాశా?

2021లో కోవిడ్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లలకి పీఎం కేర్స్ కింద 5 లక్షల ఆరోగ్య బీమా ఇచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. చాలా న్యాయం. అదే ఏడాది కిడ్నీలు పాడై తండ్రి, పురుటిలో తల్లి పోయిన బిడ్డకి ఆ బీమా లేదు. రెండు ఇళ్లలోనూ ఖాళీ ఒకటే. వైరస్ పేరుని బట్టి బిడ్డ విలువ మారకూడదు. ఆ బీమాని పెంపకంలో ఉన్న ప్రతి బిడ్డకీ, సొంత పేరు మీద, ఏ కుటుంబ కార్డుతోనూ ముడిపెట్టకుండా ఇవ్వాలి. పద్దెనిమిది నిండిన మర్నాడు తీసెయ్యకూడదు కూడా. ఇన్సులిన్ వేసుకునే పిల్లకి పద్దెనిమిదో పుట్టినరోజు తర్వాత ఇన్సులిన్ అవసరం తీరిపోదు.

ఈ వ్యాసం చదివిన కాకినాడ జిల్లా అధికారులకి నా విన్నపం: బిడ్డని ఏ ఇంటికి అప్పగించినా 30 రోజుల్లో పూర్తి పరీక్ష చేయించి, ఆ ఫలితాల పుస్తకం పెంచేవాళ్ల చేతికివ్వండి. జువెనైల్ జస్టిస్ చట్టం 105వ సెక్షన్ పిల్లల కోసం రాష్ట్రంలో నిధి పెట్టుకోవచ్చంది, నర్సు జీతానికి అక్కడ అడగండి. మా ఎమ్మెల్యే గారికి, మున్సిపల్ కౌన్సిలర్లకి: రోడ్ల గురించి అడిగినంత గట్టిగా దీని గురించి అడగండి.

ఇక చదువరులకి. మీ వీధిలో తల్లీతండ్రీ దగ్గర లేకుండా పెరుగుతున్న బిడ్డ ఉంటే, పెంచుతున్న మామ్మగారి దగ్గర కూర్చుని ఆ ప్లాస్టిక్ కవరు విప్పించండి. టీకాల కార్డు, పాత చీటీలు, ఆధార్, పుట్టిన తేదీ పత్రం వరసగా పెట్టి ఒక నోటు పుస్తకంలో అంటించండి. ఆపైన 1098కి ఫోను చేసి, బాలల సంక్షేమ కమిటీ ముందుకి వెళ్లడానికి ఏం చెయ్యాలో అడగండి. ఆ ఫోనుకి డబ్బులు పడవు.